ఫ్రెంచ్ మార్కెట్రీ ఫర్నిచర్: ఏ కాలానిది కొనాలి, ఎవరింటికి ఏది నప్పుతుంది?

పదకొండేళ్ల కిందట పారిస్ శివార్లలో ఒక పాత సామాన్ల అంగడిలో చిన్న బల్ల ఒకటి కొన్నాను. పైన గులాబీల గుత్తి, దాని చుట్టూ రిబ్బను, వయ్యారంగా వంగిన కాళ్లు. అన్నీ రంగురంగుల చెక్క ముక్కలతోనే. "పదిహేనో లూయీ" అన్నాడు అమ్మినాయన. ఆ రాజు కాలంలో చేసిందని నేను అర్థం చేసుకున్నాను. ఇంటికొచ్చి రసీదు చూస్తే "పదిహేనో లూయీ శైలి" అని ఉంది. ఆయన అబద్ధం చెప్పలేదు, నేనే సగం విన్నాను. ఆ చలికాలం హీటర్ వేసిన మూడో వారానికి గులాబీ రేకులు రెండు నిజం పువ్వులాగే పైకి లేచి నిలబడ్డాయి.

అప్పటి నుంచి ఇలాంటివి ఎక్కడ కనపడినా ఒంగి, కింద దూరి, సొరుగులు లాగి చూడటం అలవాటైపోయింది. హైదరాబాద్ నుంచి, న్యూజెర్సీ నుంచి తెలిసినవాళ్లు ఫొటోలు పంపి "ఏది తీసుకోమంటావు?" అని అడుగుతుంటారు. అందరూ మొదట అడిగేది వయసే. నా లెక్కలో వయసు మూడో ప్రశ్న. పైనున్న పలుచటి చెక్క పొర ఎంత ఆరోగ్యంగా ఉంది, ఆ వస్తువు ఉండబోయే గదిలో గాలి ఎలాంటిది అన్నవి మొదటి రెండు.

ముందు, మార్కెట్రీ అంటే ఏంటో

మైసూరు రోజ్‌వుడ్ పటాలు చూసినవాళ్లకు చెక్కలో చెక్క పొదగడం తెలుసు. గట్టి పలకలో గుంట తొలిచి, అందులో వేరే రంగు ముక్కను కూర్చుతారు. మార్కెట్రీ వేరు. ఇందులో పువ్వూ, ఆకూ, వెనకున్న ఖాళీ జాగా, అన్నీ పలుచటి రేకుల్లాంటి ముక్కలే. వాటిని సన్నటి రంపంతో కోసి, పక్కపక్కన పేర్చి, మొత్తాన్ని ఒకే పొరగా ఓక్ లేదా పైన్ చెక్కతో చేసిన పెట్టె మీద అంటిస్తారు. మన వడ్రంగి సన్‌మైకా అంటించే పద్ధతే. కాకపోతే ఆ సన్‌మైకాను వందల ముక్కలతో చేత్తో తయారుచేశారనుకోండి.

నీడ కోసం రంగు వెయ్యరు. ముక్క అంచును వేడి ఇసుకలో ముంచి కాస్త మాడుస్తారు. ఆకు ఈనెలు ఉలితో గీసి నల్లటి లప్పం నింపుతారు. అంటించేది జంతువుల చర్మం, ఎముకలు ఉడికించి తీసిన బంక. మన పాత వడ్రంగులు వజ్రం అనేది దాన్నే. తేమ, వేడి తగిలితే అది మెత్తబడుతుంది. రెండొందల ఏళ్ల తర్వాత కూడా విప్పి మళ్లీ అతికించడానికి వీలున్నది అందుకే, మా ఇంట్లో గులాబీ లేచిందీ అందుకే.

చెక్కల్లో ఎక్కువగా కనిపించేవి టులిప్‌వుడ్, కింగ్‌వుడ్, అమరాంత్. మొదటి రెండూ బ్రెజిల్ నుంచి వచ్చేవి, మన జిట్టేగికి దాయాదులు. ఫ్రెంచిలో ఈ పని చేసేవాణ్ని 'ఎబెనిస్ట్' అంటారు, ఎబొని అనే నల్ల చెక్క పేరు మీద. ఆ ఎబొని మన బీడీ ఆకు తునికి చెట్టు కుటుంబమే.

వేటిని బట్టి తేల్చుకోవాలి

పొర మందం. 18వ శతాబ్దంలో దుంగను చేతి రంపంతో కోసేవారు కాబట్టి రేకు మిల్లీమీటరున్నర, కొన్నిసార్లు రెండు దాకా ఉంటుంది, అన్ని చోట్లా ఒకేలా ఉండదు. 19వ శతాబ్దంలో యంత్రాలొచ్చాక మిల్లీమీటరుకు, ఆ లోపుకు దిగింది. ఇప్పటి వెనీర్ 0.6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. సొరుగు లాగి దాని పై అంచు చూడండి, లేదా పాలరాయి పలక ఎత్తించి కింద అంచు చూడండి. పొర ఎంత మందంగా ఉంటే రేపు మరమ్మతు చేసేవాడికి అంత జాగా మిగిలినట్టు. ఒకసారి గట్టిగా చిత్రిక పట్టినా, ఇసుక కాగితంతో రుద్దినా పలుచటి పొర అరిగిపోయి కింద ఓక్ చెక్క కనిపిస్తుంది. ఆ మీదట చెయ్యగలిగేది పెద్దగా లేదు.

గీతలు. పువ్వు రేకుల మీద ఉలి గీతలు మిగిలి ఉన్నాయా? పువ్వు ఆకారం ఉండి లోపల ఈనెలు లేకపోతే ఎవరో "కొత్తగా మెరిపిస్తా" అని గీకేశారన్నమాట. నాకు ఇది రంగు వెలవడం కంటే పెద్ద నష్టం. రంగు ఎలాగూ వెలుస్తుంది. టులిప్‌వుడ్ గులాబీ ఛాయ ఎండుగడ్డి రంగుకి, అమరాంత్ ఊదా గోధుమ రంగుకి, ఆకుల కోసం అద్దకం వేసిన పచ్చ బూడిద రంగుకి తిరుగుతాయి. మొదట ఎలా ఉండేదో చూడాలంటే మూసి ఉంచే పలక లోపలివైపు చూడండి. వెలుతురు తగలని చోట అసలు రంగు కొంత దాక్కుని ఉంటుంది.

పట్టు. మొబైల్ టార్చి పక్కవాటుగా పెట్టి ఉపరితలం చూడండి, బుడగలుంటే నీడ పడుతుంది. తర్వాత కుండ కొనేటప్పుడు తట్టినట్టు గోటితో మెల్లగా తడుతూ పోండి. డొల్ల చప్పుడు వచ్చిన చోట బంక వదిలేసింది. అరచేతంత జాగాలో ఒకటి రెండు చోట్లుంటే భయం లేదు. బల్ల అంతా డొల్లగా మోగితే మరమ్మతు ఖర్చు కొన్న ధరను దాటొచ్చు.

రసీదు మీద మాట. ఇది ఫ్రాన్స్‌లో కొనేవాళ్లకు బంగారం లాంటి విషయం. 1981 మార్చి 3 నాటి డిక్రీ ప్రకారం ఒక కాలం పేరు ముందు 'ఎపోక్' అని రాస్తే, అది ఆ కాలంలోనే తయారైందని అమ్మినవాడు హామీ ఇచ్చినట్టు. 'స్టీల్' అని రాస్తే, అంటే శైలి అని, అలాంటి హామీ ఏదీ లేదు. నోటితో ఏమన్నా అననీ, రసీదు మీద ఏ మాట రాస్తాడో అడగండి.

ఇక గది గాలి. చెక్క పోగుకు అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. పైన పొర ఒక దిక్కు, కింద పెట్టె ఒక దిక్కు లాగితే పగుళ్లు వస్తాయి. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉంటే ఈ వస్తువులు హాయిగా ఉంటాయి. తేమ ఎంతుందన్న దానికంటే రోజూ ఎంత మారుతోందన్నది ముఖ్యం.

పదిహేనో లూయీ కాలం, సుమారు 1730 నుంచి 1765

అందరి కళ్లూ దీని మీదే. పొట్ట ఉబ్బిన కమోడ్‌లు (నవ్వకండి, ఫ్రెంచిలో కమోడ్ అంటే సొరుగుల బీరువా. మనం బాత్రూమ్‌లో వాడే మాట ఆ ఫర్నిచర్ నుంచి పుట్టిందే), వంగిన కాళ్లు, బంగారు పూత పోసిన కంచు ఆకులు. రెండు దిక్కులకూ వంగిన చెక్క మీద పొర అంటించడం ఎంత కష్టమో ఒక్కసారి ప్రయత్నించినవాడికే తెలుస్తుంది. బెర్నార్ వాన్ రిసెంబర్గ్ వర్క్‌షాపులో కింగ్‌వుడ్ కొమ్మను అడ్డంగా కోసి, ఆ గుండ్రటి పోగునే పువ్వు రేకులుగా వాడేవారు. ఆయన ముద్ర 'బీవీఆర్‌బీ' అనే నాలుగక్షరాలు మాత్రమే. అది ఎవరిదో 20వ శతాబ్దం దాకా తేలలేదు.

ఈ కాలానికి శిఖరం పారిస్ దగ్గర వర్సాయ్ రాజభవనంలో ఉన్న రాజుగారి రాతబల్ల. 1760లో జాన్ ఫ్రాన్స్వా ఒబెన్ మొదలుపెట్టాడు, ఆయన పోయాక శిష్యుడు రీజెనర్ 1769లో పూర్తిచేశాడు. గురువుగారి భార్యను కూడా రీజెనరే పెళ్లి చేసుకుని వర్క్‌షాపు నడిపాడు.

ముద్రల గురించి ఇక్కడే చెప్పాలి. పారిస్ వృత్తి సంఘం 1743లో పెట్టిన నియమం ప్రకారం, అది గట్టిగా అమలైంది 1751 నుంచి, మేస్త్రీలు తమ పేరు ముద్ర వెయ్యాలి. సంఘం తనిఖీ చేసి 'జేఎంఈ' ముద్ర వేసేది. 1791లో సంఘాలు రద్దయ్యాయి. కాబట్టి ముద్ర ఉంటే మంచిదే, కానీ దాన్ని చూసి పొంగిపోకండి. రాజుగారి కోసం నేరుగా పనిచేసేవారికి ఆ నియమం లేదు. మరమ్మతు చేసిన మేస్త్రీ కూడా తన ముద్ర కొట్టేవాడు. ఇనుప ముద్ర తయారుచేసి పాత చెక్క మీద కొట్టడం దొంగలకు అరగంట పని. కంచు మీద కిరీటం ఉన్న 'సి' అక్షరం కనిపిస్తే అది 1745–1749 మధ్య వేసిన పన్ను గుర్తు.

ఎవరికి: డబ్బుతో పాటు ఓపిక, నమ్మకమైన నిపుణుడు ఉన్నవాళ్లకు. వంపులు ఎక్కువ కాబట్టి పొర లేస్తే తిరిగి అతికించడం కష్టం, మామూలు బిగింపులు పట్టవు. మోసం కూడా ఈ విభాగంలోనే ఎక్కువ. 2016లో వర్సాయ్ రాజభవనమే 18వ శతాబ్దపువని కొన్న కుర్చీలు నకిలీవన్న అనుమానంతో పెద్ద కేసు బయటపడింది. అవి మార్కెట్రీవి కావు, కానీ అక్కడి క్యురేటర్లు మోసపోయిన చోట మనం ఎంత?

సంధికాలం, పదహారో లూయీ: 1760 నుంచి 1785 దాకా

సంధికాలం అంటే పదిహేనో లూయీ శైలి పదహారో లూయీ శైలిలోకి మారిన రోజులు. నన్నడిగితే కొనాల్సింది ఇదే. ఆకారం నిటారుగా సర్దుకుంది, పొట్టలు తగ్గాయి. పువ్వులతో పాటు ఘనాలు పేర్చినట్టు కనిపించే నమూనాలు, అల్లిక గళ్లు వచ్చాయి. షార్ల్ తొపినో అనే మేస్త్రీ చిన్న రాతబల్లల మీద టీ కుండలు, పూలకూజాలు, పళ్లేలు పేర్చినట్టు మార్కెట్రీ చేసేవాడు. ఎవరో వంటింటి అల్మరా తలుపు తీసి ఉంచినట్టుంటుంది. అలాంటివి చూస్తే రాజభవనం కంటే ఒక ఇల్లు గుర్తొస్తుంది నాకు.

వాడుకకూ ఇది నయం. పలక చదునుగా ఉండటంతో పొర లేచినా మరమ్మతు సులువు. చిన్న బల్లలు, స్త్రీల కోసం చేసిన తేలికైన రాతబల్లలు ఈ కాలంలో బోలెడు. ఫ్లాట్‌లలో ఉండేవాళ్లకు పెద్ద కమోడ్ కంటే అవే నప్పుతాయి. 1780ల కల్లా మహాగని సాదా పలకల మోజు పెరిగి మార్కెట్రీ తగ్గిపోయింది. కాబట్టి ఎవరైనా 1790 నాటి పూల బీరువా అని చెబితే కాస్త ఆగి ఆలోచించండి.

ఫ్రెంచ్ విప్లవం తర్వాత 1793–94లో వర్సాయ్ సామాన్లు వేలం వేశారు. మంచివి చాలా దేశం దాటాయి. అలాంటివి లండన్‌లోని వాలెస్ కలెక్షన్ అనే మ్యూజియంలో ఉచితంగా చూడొచ్చు, లండన్‌లో ఉన్నవాళ్లు కొనేముందు రెండు మధ్యాహ్నాలు అక్కడ గడపండి.

పారిస్ బయటి పని

దీన్ని జనం వదిలేస్తారు, అది తప్పు. గ్రెనోబుల్‌లో హాష్ కుటుంబం మూడు తరాలు పనిచేసింది. బ్రెజిల్ చెక్కల బదులు తమ కొండల్లో దొరికే వాల్‌నట్, చెట్టు బుడిపెల్లోంచి తీసిన సుడుల చెక్క వాడేవారు. లోపల తమ అచ్చు చీటీ అంటించేవారు కాబట్టి ఎవరు చేశారో కనుక్కోవడం తేలిక. హాష్ పని ఖరీదే. కానీ పేరు తెలియని ప్రాంతీయ మేస్త్రీల కమోడ్‌లు, గళ్ల నమూనాతో చేసినవి, పారిస్ ధరల్లో చిన్న వాటాకే దొరుకుతాయి. పొర మందం మాత్రం 18వ శతాబ్దానిదే. కంచు నగిషీ తక్కువ, పనిలో మొరటుతనం కొంచెం ఉంటుంది. నాకదే నచ్చుతుంది.

19వ శతాబ్దపు నకళ్లు

మూడో నెపోలియన్ ఏలుబడి (1852–1870) నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా ధనవంతులకు పాత రాజుల వైభవం మీద మోజు. ఇక్కడ రెండు తరగతులున్నాయి, ఈ రెంటినీ కలిపి "నకలు" అని తీసిపారెయ్యకండి.

పై తరగతిలో హెన్రీ డాసన్, పాల్ సోర్మాని, ఫ్రాన్స్వా లింక్ లాంటివాళ్లు. లింక్ 1900 పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం కొట్టాడు, వర్సాయ్ రాతబల్లకు నకలు కూడా చేశాడు. పనితనం 18వ శతాబ్దానికి ఏమాత్రం తీసిపోదు, కొన్నిసార్లు కంచు పోత ఇంకా చక్కగా ఉంటుంది. సంతకం చాలాసార్లు తాళం పళ్లెం మీద ఉంటుంది, సొరుగు తెరిచి చూడండి. వీటి ధరలు మామూలు 18వ శతాబ్దపు కమోడ్‌లను దాటిపోతాయి.

కింది తరగతి, పేరులేని వర్క్‌షాపుల సరుకు, సంతల్లో గుట్టలుగా ఉంటుంది. పొర పలుచన, కంచుకు విద్యుత్ పూత. 18వ శతాబ్దంలో పాదరసంతో పూసేవారు, ఆ బంగారం లోతు వేరు. అయినా ఇంట్లో రోజూ వాడుకోవడానికి, పోతే పోయిందనుకోవడానికి ఇవి బాగుంటాయి. నా గులాబీ బల్ల ఈ జాతిదే. మంచి మరమ్మతు మేస్త్రీకి చూపించాక ఇప్పుడు నిక్షేపంగా ఉంది.

ఈ కాలంలోనే తిరిగి మోజులోకి వచ్చింది బూల్ పని. పద్నాలుగో లూయీ దగ్గర పనిచేసిన ఆంద్రే షార్ల్ బూల్ (1642–1732) పేరు మీద ఉన్న ఈ పద్ధతిలో ఇత్తడి రేకు, తాబేలు చిప్ప కలిపి కోసి అంటిస్తారు. నల్లటి బల్ల మీద మెరిసే ఇత్తడి లతలు చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. చెక్క పని కావాలనుకునేవాళ్లు దీని జోలికి పోవద్దని నా సలహా. ఇత్తడి వేడికి ఒకలా సాగుతుంది, చిప్ప ఒకలా, కింద చెక్క ఇంకోలా. ఇత్తడి కొస ఒకచోట పైకి లేచి చీర అంచులు, చొక్కా చేతులు పట్టుకుంటుంది. తాబేలు చిప్ప చట్టం సంగతి కింద చెబుతాను.

నాన్సీ బడి: గాలే, మజొరెల్

నాన్సీ ఫ్రాన్స్‌లో ఒక ఊరు, బడి అంటే అక్కడి కళాకారుల బృందం. పూర్తిగా వేరే లోకం. ఎమిల్ గాలే (1846–1904) గాజు పనికి ప్రసిద్ధుడు, వృక్షశాస్త్రం ప్రాణం. 1880ల్లో ఫర్నిచర్‌లోకి దిగాడు. ఆయన మార్కెట్రీలో పువ్వు గుత్తిగా కట్టి ఉండదు, పొలంలో మొలిచినట్టుంటుంది. దూరంగా కొండలు, ముందు గడ్డి, పైన తూనీగలు. ఆకాశానికి రంగు వెయ్యకుండా చెక్క పోగు తీరునే మబ్బులుగా వాడుకున్నాడు. 1904లో చేసిన 'ఉదయం, సంధ్య' అనే మంచం మీద రెండు పెద్ద రెక్కల పురుగులున్నాయి, నాన్సీ మ్యూజియంలో చూడొచ్చు. లూయీ మజొరెల్ చెక్కుడు పనికి, కంచుకి ఎక్కువ మొగ్గాడు. మార్కెట్రీ కోసం అయితే గాలేనే చూడండి.

కొనేవాడికి మేలు ఏంటంటే గాలే సంతకం మార్కెట్రీలోనే ఉంటుంది, చెక్క ముక్కలతో. చిన్న వస్తువులు చేశాడు: ఒకదాని కింద ఒకటి దూరే బల్లల జతలు, టీ ట్రేలు. మన ఇళ్లలో అతిథులొచ్చినప్పుడు నాలుగు బల్లలు బయటికి లాగి, వెళ్లాక లోపలికి తోసెయ్యడం ఎంత సౌకర్యమో! కానీ ఆయన చనిపోయాక కూడా ఆ కర్మాగారం చాలా ఏళ్లు అదే పేరుతో వస్తువులు చేసింది. 1904కి ముందువాటికీ తర్వాతవాటికీ ధరలో తేడా ఉంటుంది. అది అడిగి తెలుసుకోండి.

20వ శతాబ్దపు 'శైలి' వస్తువులు

1920ల నుంచి 60ల దాకా వచ్చినవి. పొర బాగా పలుచన, చాలాసార్లు ప్లైవుడ్ మీద, మెరిసే వార్నిష్. నిజానికి ఇవి వేడికీ తేమకూ పాతవాటికంటే తట్టుకుంటాయి. అందంగా ఉందని, చవకని కొంటే తప్పులేదు. పురాతనం అని కొంటేనే తప్పు.

| రకం | పొర | మరమ్మతు | రోజువారీ వాడకం | మోసపోయే అవకాశం | ధర |
|---|---|---|---|---|---|
| పదిహేనో లూయీ కాలం | మందం | కష్టం, వంపులవల్ల | వద్దు | చాలా ఎక్కువ | చాలా ఎక్కువ |
| సంధికాలం, పదహారో లూయీ | మందం | ఓ మోస్తరు | జాగ్రత్తగా అయితే సరే | ఎక్కువ | పేరున్నవి ఎక్కువ, మిగతావి మధ్యస్థం |
| పారిస్ బయటి పని | మందం | సులువు | సరే | తక్కువ | తక్కువ నుంచి మధ్యస్థం |
| 19వ శతాబ్దం, పేరున్నవి | మధ్యస్థం | ఓ మోస్తరు | సరే | మధ్యస్థం | చాలా ఎక్కువ |
| 19వ శతాబ్దం, మామూలివి | పలుచన | మేస్త్రీని బట్టి | నిశ్చింతగా | మధ్యస్థం | తక్కువ |
| బూల్ పని | ఇత్తడి, చిప్ప | చాలా కష్టం | వద్దు | ఎక్కువ | రకరకాలు |
| గాలే, నాన్సీ | పలుచన | ఓ మోస్తరు | చిన్న బల్లలు సరే | మధ్యస్థం | మధ్యస్థం నుంచి ఎక్కువ |
| 20వ శతాబ్దపు శైలి | బాగా పలుచన | పోతే అంతే | నిశ్చింతగా | 'పురాతనం' అంటే తప్ప లేదు | చవక |

మీ ఇంటికి ఏది?

అమెరికాలో చలికాలమంతా వేడిగాలి తిరిగే ఇళ్లలో తేమ బాగా పడిపోతుంది. అక్కడ వంపుల కమోడ్ పెట్టడం ఎండలో అప్పడం ఆరబెట్టడమే. హ్యూమిడిఫయర్ పెట్టే ఓపిక ఉంటే పదహారో లూయీ చిన్న బల్ల, లేకపోతే 19వ శతాబ్దపు మామూలిది. గాలి వచ్చే బిలానికి, కిటికీ ఎండకి దూరంగా పెట్టండి. ఎండ వేడి సంగతి అలా ఉంచితే, వెలుతురే రంగుల్ని తినేస్తుంది.

హైదరాబాద్, విశాఖల సంగతి ఇంకా చిక్కు. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే ఎండలకు చెక్క ఎండి ముడుచుకుంటుంది, జూలై వానలకు ఉబ్బుతుంది. దానికి తోడు పగలు ఏసీ ఆపి, రాత్రి 20 డిగ్రీలకు పెట్టి పడుకుంటాం. ఈ ఊపుడే పాత బంకను చంపుతుంది. విశాఖ, కాకినాడ వైపు తేమ ఎప్పుడూ ఎక్కువే, కానీ కాస్త నిలకడగా ఉంటుంది. బూజు పట్టకుండా గోడకు నాలుగు వేళ్లు ఎడంగా పెట్టి గాలి ఆడనివ్వాలి. ఏ ఊరైనా ఏసీ గాలి నేరుగా తగిలే గోడ వద్దు. చెదల ఊళ్లలో కాళ్లు నేల తడికి తగలకూడదు. వీటన్నిటికీ పారిస్ బయటి వాల్‌నట్ పనో, చదును పలకల పదహారో లూయీ బల్లో తట్టుకున్నట్టు మిగతావి తట్టుకోవు. రాజమండ్రిలోని మా చుట్టం ఒకాయన బూల్ బల్ల కావాలని పట్టుబట్టాడు. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ బల్ల మీద చెయ్యి పెడితే ఇత్తడి గీరుకునేది.

పొర లేస్తే వీధి చివర వడ్రంగిని పిలిచి ఫెవికాల్ పెట్టించకండి. ఆ జిగురు ఆరితే తిరిగి విప్పడం దాదాపు కుదరదు, కింద చెక్క కదిలితే పొర చీలిపోతుంది. జంతు బంకైతే రేపు ఇంకొకరు వేడి, తేమ తగిలించి విప్పుకోగలరు. పైపూత సాధారణంగా లక్కతో చేసిందే, ఆ లక్క చాలావరకు మన దేశం నుంచి వెళ్లేదే. వేడి కాఫీ గ్లాసు పెడితే తెల్ల మచ్చ పడుతుంది. గ్లాసు కింద ఏదో ఒకటి పెట్టడం ఇంట్లో పిల్లలకే కాదు, మామగారికి కూడా అలవాటు చెయ్యాలి.

పెట్టుబడి అనుకుని కొనేవాళ్లకు ఒక్క మాట. గత పాతికేళ్లలో పేరులేని పాత ఫర్నిచర్ ధరలు యూరప్‌లో పడిపోయాయి, యువతరానికి పెద్ద బీరువాలు అక్కర్లేదు. చూసి ఆనందించడానికి కొనేవాళ్లకు ఇది మంచి కాలం. లాభానికి కొనేవాళ్లు పేరు, సంతకం, వంశావళి కాగితాలు ఉన్నవి తప్ప ముట్టుకోకూడదు. అవి మనలాంటివాళ్లకు అందవు.

ఇంకా తేల్చుకోలేకపోతే కొనడం వాయిదా వేసి చూడటం మొదలుపెట్టండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఫ్రెంచ్ ఫర్నిచర్ ఉంది. అందరూ గడియారం గంట కొట్టే వేళకు అక్కడికి పరుగెడతారు. మీరు ఆ సమయంలో ఖాళీగా ఉన్న ఫర్నిచర్ గదికి వెళ్లండి.

కాగితాలు, దారి

తాబేలు చిప్ప అంటే హాక్స్‌బిల్ తాబేలుది, అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందంలో అన్నిటికంటే కఠినమైన మొదటి జాబితాలో ఉంది. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి అదే జాబితాలో. టులిప్‌వుడ్, కింగ్‌వుడ్‌తో సహా ఆ జాతి చెక్కలన్నీ 2017లో రెండో జాబితాకెక్కాయి. పాత వస్తువులకు వేరే సర్టిఫికెట్ దారులున్నాయి, కానీ అవి సరుకు ఓడెక్కే ముందే చేతిలో ఉండాలి. రేవులో ఆగిపోయాక పడే టెన్షన్ ఎవరికీ వద్దు. ఖరీదైన వస్తువైతే ఫ్రాన్స్ దాటించడానికి అక్కడి సాంస్కృతిక శాఖ సర్టిఫికెట్ కూడా కావాలి. అన్నీ అమ్మేవాడి చేత రాతపూర్వకంగా ఒప్పించుకోండి.

మన దేశానికి తెచ్చేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. మన 1972 పురావస్తు చట్టం వందేళ్లు దాటిన వస్తువులను పురావస్తువులుగా చూస్తుంది, వాటిని దేశం బయటికి పంపడం మీద ఆంక్షలున్నాయి. రేపు అమెరికాలో ఉన్న కూతురికి తిరిగి పంపాలనుకుంటే ఇబ్బంది పడొచ్చు. తెచ్చేముందే పురావస్తు శాఖ వాళ్లను అడగండి.

పాలరాయి పలకను బల్ల మీద ఉంచి ఎప్పుడూ రవాణా చెయ్యనివ్వొద్దు, వేరే చెక్కపెట్టెలో నిలువుగా పెట్టించండి. చివరగా, డబ్బిచ్చే ముందు తాళంచెవి అడగండి. చాలా ఫ్రెంచ్ రాతబల్లలకు, బీరువా తలుపులకు పిడులుండవు. తాళంచెవి పెట్టి, దాన్నే పట్టుకుని లాగుతారు. చెవి పోతే ఇంట్లోవాళ్లు తలుపు అంచు గోటితో లాగుతారు, పొర మొదట ఊడేది అక్కడే. నా బల్లకు చెవి లేదు. సంతలో అయిదు యూరోలకు ఒకటి దొరికింది, తాళం పడదు గానీ లాగడానికి పనికొస్తోంది.